ముసలి పిల్లి ఒళ్లు దువ్వే ముందు

పదేళ్లు దాటిన పిల్లికి నడుం మీద బొచ్చు ఉండలు కడుతుంటే ఏం చేయాలన్న దాని మీద ఎవరి మాట వారిదే. పట్నంలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి షాంపూతో స్నానం చేయించమంటారు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లిని తడపకూడదు, దాని ఒళ్లు అదే నాక్కుంటుంది, వదిలేయమంటారు. పక్కింటివాళ్లు కొబ్బరి నూనెలో కర్పూరం వేసి రాయమంటారు. పశువైద్యుడు ముందు రక్తం పరీక్ష చేయిద్దామంటాడు. ఈ నాలుగు సలహాల్లో ఒకటి ప్రాణం తీయగలదు, ఒకటి ప్రాణం నిలపగలదు. మిగతా రెండూ సందర్భాన్ని బట్టి మంచివో చెడ్డవో అవుతాయి.

వజ్రపుకొత్తూరు మండలంలో ఈ తగువు ఇంకాస్త చిక్కుపడింది. ఒక పక్క నువ్వలరేవు, మంచినీళ్లపేట వంటి మత్స్యకార గ్రామాలు, ఇంకో పక్క కొబ్బరి, జీడి, పనస తోటలు, కాస్త లోపలికి వెళితే పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలు. చేప, పిక్క, కొబ్బరి ఉన్నచోట ఎలుక తప్పదు, ఎలుక ఉన్నచోట పిల్లి తప్పదు. పైగా ఇది ఏళ్ల తరబడి జనం కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న ఉద్దానం ప్రాంతం. ముసలి పిల్లిని ఎక్కువగా పట్టే జబ్బుల్లో మొదటి వరసలోదీ కిడ్నీ జబ్బే. అందుకే హైదరాబాదు కోసమో లండన్ కోసమో రాసిన సలహాలను ఈ తీరానికి తెచ్చేటప్పుడు జల్లెడ పట్టుకోవాలి.

ఎలుకల కాపలా నుంచి ఇంటి జీవం దాకా

తెలుగు ఇళ్లలో పిల్లి ఎప్పుడూ రెండు నమ్మకాల నడుమ బతికింది. ఎదురొస్తే అపశకునం. చంపితే మహాపాపం, బంగారు పిల్లిని చేయించి దానం ఇస్తే తప్ప పోదు. మొదటిది దాన్ని గడపకు దూరంగా ఉంచితే, రెండోది దాని ప్రాణం కాపాడింది. వైద్యం మాత్రం ఎవరూ చేయించలేదు. ఎలుకలు పట్టినన్నాళ్లు ఇంత అన్నం, ఒక చేప తల పెట్టేవారు. ముసలిదయ్యాక ఒకనాడు కనబడకుండా పోయేది. చావు తెలిసి ఎటో వెళ్లిపోయిందనేవారు. నిజానికి సత్తువ పోయిన జంతువు శత్రువు కంట పడకుండా చీకటి మూల వెతుక్కుంటుంది. గడ్డివాము వెనకో, కొబ్బరి మట్టల కిందో ఆ ప్రాణం పోయేది. దాని బొచ్చు ఎలా ఉందో చూసినవారు లేరు.

వైద్యశాస్త్రం కూడా పిల్లిని ఆలస్యంగానే పట్టించుకుంది. చాలాకాలం దాన్ని చిన్న కుక్కగానే లెక్కగట్టి మందులిచ్చారు. పిల్లుల కోసమే పనిచేసే సంస్థ ఒకటి బ్రిటన్‌లో 1958లో పుట్టింది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 1974లో ప్రత్యేక కేంద్రం పెట్టింది. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బును 1979లో గానీ గుర్తించలేదు. కిడ్నీ జబ్బును దశలుగా విభజించే అంతర్జాతీయ బృందం ఐరిస్ 1998లో ఏర్పడింది. 2002లో అమెరికా పరిశోధకులు వంద ముసలి పిల్లుల ఎక్స్‌రేలు చూసి, పన్నెండేళ్లు దాటినవాటిలో 90 శాతానికి కీళ్ల అరుగుదల ఉందని తేల్చారు. అంతకుముందు దాకా ఆ పిల్లులన్నీ "వయసు మీదపడి బద్ధకించినవే".

మన దగ్గరికి పిల్లి సంరక్షణ అన్న మాట పట్నాల్లోని పర్షియన్ పిల్లులతో పాటు వచ్చింది. ఇక్కడే ఒక పొరపాటు దొర్లింది. పర్షియన్ పిల్లికి పొడవాటి బొచ్చు, రోజూ దువ్వకపోతే వయసులో ఉన్నది కూడా జడలు కడుతుంది. మన నాటు పిల్లికి పొట్టి బొచ్చు, ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లు దువ్వెన అవసరమే ఉండదు. పర్షియన్‌కి ఉండలు కట్టిందంటే యజమాని దువ్వలేదని అర్థం. నాటు పిల్లికి కట్టిందంటే ఎక్కడో జబ్బు ఉందని అనుమానించాలి. రెంటికీ ఒకే సలహా ఇవ్వడంతో సగం గందరగోళం మొదలైంది.

నాలుక ఎందుకు ఆగింది

పిల్లి నాలుక మీది ముళ్లను 2018లో జార్జియా టెక్ పరిశోధకులు అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ దగ్గరగా పరిశీలించారు. ఆ ముళ్ల కొసలు గుల్లగా, గరిటె మాదిరి తొలిచి ఉంటాయి. నోటిలోని లాలాజలాన్ని పీల్చుకుని బొచ్చు లోపల, చర్మం దాకా చేరుస్తాయి. అంటే నాకడం ఒకేసారి స్నానం, దువ్వడం, ఒళ్లు చల్లబరచుకోవడం. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు ఉక్కలో ఉద్దానం పిల్లికి ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. పేలను ఏరిపారేసేది కూడా ఆ నాలుకే. మెడకు అట్ట తొడిగి నాక్కోనివ్వకుండా చేసిన పిల్లుల మీద కొద్ది వారాల్లోనే పేలు రెట్టింపయ్యాయని 2000లో వచ్చిన ఒక పరిశీలన చూపింది.

ఇంత అవసరమైన పనిని పిల్లి ఊరికే మానుకోదు. బొచ్చు ఎక్కడ పాడైందన్నదే మొదటి ఆనవాలు. నడుం, తోక మొదలు, తొడల వెనక మాత్రమే ఉండలు కట్టి ముఖం, ఛాతీ శుభ్రంగా ఉంటే, అది ఒళ్లు వంచి అక్కడిదాకా నాలుక చేర్చలేకపోతోందని అర్థం. కీళ్ల నొప్పి కావచ్చు, లావెక్కి ఉండవచ్చు. మూతి చుట్టూ తడి, ముందు కాళ్ల లోపలివైపు గోధుమరంగు చొంగ అట్టకట్టి ఉంటే పళ్లు, చిగుళ్లు చూడాలి. ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుని, జిడ్డుగా, చుండ్రు రాలుతూ ఉంటే కిడ్నీ, థైరాయిడ్, మధుమేహం వంటి లోపలి జబ్బు అనుమానించాలి. స్నానమా, దువ్వెనా అని వాదించుకునేవారు ఈ మొదటి చూపును దాటేసి మందు దగ్గరికి వెళ్లిపోతున్నారు. పరీక్ష లేకుండా శుభ్రం చేసిన పిల్లి నాలుగు రోజులు అందంగా కనబడి, జబ్బును ఇంకొన్ని వారాలు దాచిపెడుతుంది.

వదిలేయాలా, కడగాలా, దువ్వాలా

వదిలేయాలన్న వాదంలో నిజం లేకపోలేదు. ఆరోగ్యంగా ఉన్న నాటు పిల్లికి ఇదే సరైన సలహా. తడిసిన ముసలి పిల్లి ఒంటి వేడి త్వరగా పోతుంది. భయంతో గుండె మీద భారం పడుతుంది. ఈ వాదం తప్పేదల్లా నాలుక ఆగిపోయిన తర్వాత కూడా అదే మాట పట్టుకుని కూర్చోవడంలో. ఉండ కట్టిన బొచ్చు కింద చర్మానికి గాలి ఆడదు. వానాకాలంలో చెమ్మ పట్టి పుండు పడుతుంది, ఈగలు వాలితే పురుగు పడుతుంది.

స్నానం వాదం కుక్కల నుంచి వచ్చింది. దీనికి బలమైన సందర్భం ఒకటే: ఒంటి మీద ఉన్నది నాకితే ప్రమాదమైనప్పుడు. పలాస పరిసరాల్లో ఇది పుస్తకాల మాట కాదు. జీడి పిక్క తొక్కలోని నూనె చేతులు బొబ్బలెక్కించేంత ఘాటైనదని ఆ పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు. తొక్కల గుట్ట వెచ్చగా ఉంటుంది, కీళ్ల నొప్పులున్న పిల్లికి వెచ్చదనం కావాలి. అలా పడుకుని ఒంటికి నూనె పూసుకున్న పిల్లి తర్వాత దాన్ని నాకితే నోరు, గొంతు కాలిపోతాయి. అప్పుడు గోరువెచ్చని నీళ్లు, మెత్తని సబ్బుతో కడగడం తప్పదు, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. బండి కింద నిద్రపోయి ఇంజిన్ ఆయిల్ పూసుకున్నా అంతే. ఇలాంటివి తప్పిస్తే ముసలి పిల్లికి స్నానం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

దువ్వెన వాదం పిల్లుల వైద్యులది. పదకొండో ఏడు నుంచి ఇంటివాళ్లే రోజూ కొద్ది నిమిషాలు దువ్వాలని, తడిగుడ్డతో తోక కింద తుడవాలని వాళ్లు చెబుతారు. ఖర్చులేని పని. మన ఇళ్లలో ఉండే పేలదువ్వెన సరిగ్గా పనికొస్తుంది. దువ్వుతున్నప్పుడే ఎముకలు ఎంత తేలాయో, ఎక్కడ ముట్టుకుంటే మూలుగుతోందో తెలుస్తుంది. ఈ వాదంలోని లోటు ఒక్కటే, నొప్పి ఉన్న నడుం మీద దువ్వెన ఆడిస్తే పిల్లి కరుస్తుంది, తర్వాత దగ్గరికి రాదు. నొప్పి తగ్గించే మందు ముందు, దువ్వెన తర్వాత అని ఈమధ్య వైద్యులే వరస మార్చారు.

మూడింటినీ పక్కపక్కన పెడితే, వదిలేయడం వయసులో ఉన్న పిల్లికి, కడగడం విషం పూసుకున్న పిల్లికి, దువ్వడం ముసలి పిల్లికి సరిపోతాయి. వాదనలు తప్పయినవి కావు, ఒక పిల్లికి చెప్పినదాన్ని ఇంకో పిల్లికి అంటగట్టారు.

కత్తెర విషయంలో మాత్రం మూడు వర్గాలకూ ఒకే మాట. ముసలి పిల్లి చర్మం కాగితంలా పలచన. ఉండను పైకి లాగితే చర్మం కూడా అందులోకి లేస్తుంది, కంటికి కనబడదు. కత్తెర పడితే చర్మమే తెగుతుంది. ఒక చేతి వేళ్లతో ఉండ మొదలును చర్మం దగ్గర గట్టిగా పట్టుకోవాలి, లాగిన నొప్పి అక్కడ ఆగిపోతుంది. రెండో చేతితో చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, ఉండను కొస నుంచి నిలువునా రెండుగా, నాలుగుగా చీల్చుకుంటూ రావాలి. దువ్వెన కొసల నుంచి మొదలుకు జరగాలి. ఒక పూట ఒక ఉండ చాలు. గోళ్లు కూడా అలాగే. ముసలి పిల్లి గోళ్లు గీక్కోక పాత పొర రాలక మందమవుతాయి, సున్నాలా వంగి పాదం మెత్తలోకే గుచ్చుకుంటాయి. కుంటుతున్న పిల్లిని వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లేలోగా పాదాలు తిప్పి చూడాలి. కోయాల్సింది గోరు కొసన తెల్లగా మెరిసే భాగమే, లోపల గులాబీ రంగులో కనబడేది రక్తనాళం.

ఇంటి మందులు

కర్పూరం పిల్లికి విషం. చర్మం ద్వారా లోపలికి పోతుంది, నాకితే ఇంకా వేగంగా పోతుంది, వణుకు, ఫిట్స్ తెప్పిస్తుంది. నేల తుడిచే ఫినాయిలు, గాయాలకు వాడే డెట్టాల్ కూడా అంతే. కుక్కల పేల మందుల్లో ఉండే పర్మెత్రిన్ ఇంకా ప్రమాదం. మనుషులకు పనికొచ్చే అనేక రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి పుట్టుకతోనే తక్కువ. అదే కారణంగా ఒక్క పారాసెటమాల్ మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. ఉత్త కొబ్బరి నూనె విషం కాదు గానీ దుమ్ము పట్టి ఉండలను ఇంకా బిగిస్తుంది, నాకిన పిల్లికి విరేచనాలవుతాయి.

ఈ తీరానికి సంబంధించి సలహాల పుస్తకాల్లో కనబడని సంగతి ఇంకోటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ మండలంలోని పల్లిసారథి దగ్గరే తీరం దాటింది. వయసులో ఉన్న పిల్లి గాలి మొదలవగానే ఎక్కడో ఒకచోట ఎక్కి దాక్కుంటుంది. అటక ఎక్కలేని ముసలి పిల్లికి ఆ దారి లేదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మూత ఉన్న బుట్ట, రెండు పాత గుడ్డలు దాని కోసం తీసి పెట్టుకోవడం కూడా సంరక్షణలోకే వస్తుంది.

చేప మీద రెండు మాటలు

తీరంలో పిల్లి తిండి చేపే. పిల్లికి టౌరిన్ అనే పోషకం తిండి ద్వారానే అందాలి. అది లేకపోతే చూపు పోతుందని 1975లో, గుండె కండరం సడలిపోతుందని 1987లో తేలింది. అన్నం, పాలతో పెరిగే పిల్లి కంటే చేప తినే పిల్లి ఈ లెక్కన మెరుగు. అయితే కవళ్లు, నెత్తళ్లు వంటి చేపలు పచ్చివి రోజూ పెడితే వాటిలోని ఒక ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, పిల్లి మెడ వాల్చేస్తుంది. ఉడికిస్తే ఆ బాధ లేదు. ఉప్పు చేప, ఎండు నెత్తళ్ల సంగతి వేరు. వాటిలో ఉప్పు ఎక్కువ, ముళ్లతో సహా తింటే ఫాస్ఫరస్ ఎక్కువ. కిడ్నీ చెడిన పిల్లికి ఫాస్ఫరసే పెద్ద శత్రువు. ఉడికించి నీళ్లు పారబోస్తే ఉప్పు, ఫాస్ఫరస్ కొంత పోతాయి, దాంతో పాటు టౌరిన్ కూడా పోతుంది. పులుసు కలిపిన అన్నంలోని ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను చిదిమేస్తాయి.

కిడ్నీ జబ్బుకు ప్రత్యేక ఆహారం పనిచేస్తుందనడానికి మంచి ఆధారమే ఉంది. 2006లో అమెరికాలో 45 పిల్లుల మీద రెండేళ్లు జరిగిన పరీక్షలో, ప్రత్యేక ఆహారం తిన్నవాటిలో ఒక్కదానికీ యూరియా పెరిగి ప్రాణం మీదికి రాలేదు. మామూలు ఆహారం తిన్నవాటిలో నాలుగో వంతుకు పైగా ఆ స్థితికి చేరాయి. తేలనిది, ఆ ఫలితం ఫాస్ఫరస్ తగ్గించినందుకా, ప్రోటీన్ తగ్గించినందుకా అన్నది. ముసలి పిల్లికి కండ కరిగిపోతుంది, ప్రోటీన్ తగ్గిస్తే ఇంకా కరుగుతుందని ఒక వర్గం గట్టిగా అంటోంది. ఉద్దానం ఇంట్లో ఈ తగువు ఇంకో రూపం తీసుకుంటుంది. పొట్లాల ఆహారం ధర అందదు, అందినా చేప రుచి మరిగిన పిల్లి దాన్ని ముట్టదు. తినని మంచి ఆహారం కంటే తినే మామూలు ఆహారమే మేలన్న విషయంలో మాత్రం రెండు వర్గాలూ ఒప్పుకుంటాయి. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి అదే చావుకు దారి తీస్తుంది.

క్రియాటినిన్

కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్షలోని ఈ మాట ఉద్దానంలో డాక్టర్ల మాట కాదు, ప్రతి వీధి అరుగు మీదా వినబడేది. ఇక్కడి మనుషుల కిడ్నీ జబ్బుకు మూలకారణం దశాబ్దాల పరిశోధన తర్వాతా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఇలాంటి నేల మీద ముసలి పిల్లి నీళ్లు ఎక్కువ తాగి, బక్కచిక్కి, బొచ్చు రేగి కనబడితే ఇదీ నీళ్ల వల్లేనన్న అనుమానం సహజంగా వస్తుంది. కానీ పదిహేనేళ్లు దాటిన పిల్లుల్లో కిడ్నీ జబ్బు ప్రపంచమంతటా ఉంది. అంచనాలు 30 శాతం నుంచి 80 శాతం దాకా సాగుతాయి. కాబట్టి ఒక్క పిల్లి జబ్బును బట్టి భూగర్భ జలం గురించి ఏ నిర్ణయానికీ రాలేం.

క్రియాటినిన్ అన్న మాట ఇక్కడివారికి బాగా తెలియడమే ఒక్కోసారి దారి తప్పిస్తుంది. మనిషికి 1.5 అంటే కంగారు పడే అంకె. ఐరిస్ లెక్క ప్రకారం పిల్లికి 1.6 లోపు మొదటి దశే, 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ, 5 దాటితే నాలుగో దశ. మనుషుల ల్యాబ్ కాగితం మీద ఎర్రగా అచ్చయిన అంకె పిల్లికి మామూలుదే కావచ్చు. రెండో ప్రమాదం దీనికి ఎదురు. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. కండ కరిగిన ముసలి పిల్లిలో కిడ్నీ పాడైనా అంకె తక్కువగానే కనబడుతుంది. మూత్రం చిక్కదనం, బరువు, రక్తపోటు కలిపి చూస్తే తప్ప ఆ ఒక్క అంకెను నమ్మకూడదు. హఠాత్తుగా కళ్లు పెద్దవై గోడలకు గుద్దుకునే పిల్లికి చాలాసార్లు రక్తపోటే కారణం. దానికి వాడే ఆమ్లోడిపిన్ ఇక్కడ ఎందరో మనుషులు రోజూ వేసుకునే మందే. అయినా మోతాదు వైద్యుడు చెప్పాల్సిందే, మాత్ర విరిచి అంచనా మీద ఇవ్వకూడదు.

నొప్పి మందు తగువు

కీళ్ల నొప్పి తగ్గితే పిల్లి తన ఒళ్లు తానే మళ్లీ నాక్కుంటుంది. ఈ మాటను అందరూ ఒప్పుకుంటారు. ఏ మందు అన్న దగ్గర యూరప్, అమెరికా చీలిపోయాయి. మెలాక్సికామ్‌ను తక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడటానికి యూరప్ అనుమతిచ్చింది. అమెరికా 2010లో, పదే పదే ఇస్తే కిడ్నీ దెబ్బతిని పిల్లి చనిపోవచ్చని పెట్టె మీదే హెచ్చరిక వేయించింది. కిడ్నీ జబ్బున్న పిల్లుల్లో కూడా తక్కువ మోతాదు ఆయుష్షు తగ్గించలేదని ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక పరిశీలన చెప్పింది. రెండు పక్షాల్లో అమెరికా జాగ్రత్తే ఉద్దానానికి తగినదనిపిస్తుంది. తక్కువ మోతాదు అన్న మాట తరచు రక్తపరీక్షలు జరిగేచోటే అర్థవంతం. పైగా మన దగ్గర పాడి పశువులకు మెలాక్సికామ్, పారాసెటమాల్ కలిపిన ఇంజెక్షన్లు దొరుకుతాయి. సీసా మీద రెండో పేరు చదవకుండా పిల్లికి పొడిస్తే అదే దాని ఆఖరి మందు.

మందు లేకుండా చేయగలిగినవీ ఉన్నాయి. తిండి గిన్నె నేల మీద కాకుండా నాలుగంగుళాల పీట మీద పెట్టాలి. ఎక్కే అరుగుకు మధ్యలో ఒక ఇటుక మెట్టు వేయాలి. దొడ్డికి వాడే ఇసుక పళ్లేనికి అంచు తక్కువ ఉండాలి. నీళ్ల గిన్నెలు వెడల్పుగా రెండు మూడు చోట్ల ఉంచాలి.

వైద్యం ఎంత దూరం

మండలాల పశువైద్యశాలలు పాడి కోసం, గొర్రెలు మేకల కోసం ఏర్పడ్డవి. 2022లో 1962 నంబరుతో మొదలైన సంచార వాహనాలు కూడా ప్రధానంగా పశువుల కోసమే. దేశంలో అయిదేళ్లకోసారి జరిగే పశుగణనలో కుక్కలకు, కుందేళ్లకు లెక్క ఉంది, పిల్లికి లేదు. లెక్కలో లేని జీవానికి మందుల కేటాయింపు ఎక్కడి నుంచి వస్తుంది? దగ్గరి పశువైద్య కళాశాల గరివిడిలో ఉంది. విశాఖపట్నం పలాస నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. బుట్టలో బిగించిన ముసలి పిల్లిని అంత దూరం మోసుకెళ్లడమే దానికి సగం జబ్బు.

రక్తం నమూనా మాత్రం పిల్లి కంటే సులువుగా ప్రయాణిస్తుంది. కిడ్నీ రోగుల వల్ల పలాస, సోంపేట ప్రాంతాల్లో క్రియాటినిన్ పరీక్ష ఊరికి దగ్గరికొచ్చింది. పశువైద్యుడు రక్తం తీసి, ఫలితాన్ని పిల్లి లెక్కలో, మూత్రం చిక్కదనం, బరువు, రక్తపోటుతో కలిపి చదివితే, కిడ్నీ చెడిందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. పశుసంవర్ధక శాఖ తన కేంద్రాల గోడ మీద పిల్లి దశల పట్టిక అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

చివరి రోజులు

అన్నిటికన్నా తెగనిది ఇదే. నయం కాని బాధలో ఉన్న పిల్లికి ఇంజెక్షన్‌తో ప్రశాంతంగా ప్రాణం పోనివ్వవచ్చా? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం బాధ తీరని జంతువు విషయంలో ఆ దారిని కొన్ని షరతులతో ఉంచింది. పిల్లిని చంపితే పాపమన్న నమ్మకం ఉన్న ఇంట్లో ఆ మాట ఎత్తడమే కష్టం. ఆ నమ్మకాన్ని మూఢమని కొట్టిపారేసేవారు ఒక సంగతి మరచిపోతున్నారు, తరతరాలుగా పిల్లిని కాపాడింది అదే. అటువైపు, ఏమీ చేయకుండా వదిలేయడాన్ని పుణ్యంగా భావించేవారు నడవలేక తన మూత్రంలోనే పడుకున్న పిల్లిని చూడాలి.

అమెరికా వైద్యురాలు అలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలత ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది, ఇలా ఏడింటికీ పదేసి మార్కులు. డెబ్భైకి ముప్పై అయిదు దాటితే బతుకు ఇంకా బతుకే. ఈ కొలతలో ఇంటివాళ్ల అభిమానం మార్కులను పెంచేస్తుందని విమర్శ ఉంది. ఒంట్లో నీరు పెంచడానికి చర్మం కింద సెలైన్ ఎక్కించడం పాశ్చాత్య దేశాల్లో ఇంటిపట్టునే చేస్తారు. దానివల్ల ఆయుష్షు పెరుగుతుందా, ఊరట మాత్రమేనా అన్నదానికి గట్టి పరీక్షలు తక్కువ. శుభ్రత మార్కు మాత్రం దువ్వెన, తడిగుడ్డ, పొడి పడక, కాస్త ఓపిక ఉన్న ఏ ఇల్లయినా పెంచగలదు. దాన్ని పెంచిన తర్వాత కూడా మొత్తం ముప్పై అయిదుకు చేరకపోతే ఆ మాట వైద్యుడితో మాట్లాడాలి, దాని వయసెంతైనా, ఇంటి నమ్మకం ఏదైనా.